కమ్యూనికేషన్ డిజార్డర్స్‌లో డిగ్రీ చదువుతున్నారా? ముందు చెవికి పని చెప్పండి

"మాట పడిపోయింది" అని ఒక్క ముక్కలో అనేస్తాం కానీ, ఆ ఒక్క ముక్క కింద కనీసం నలుగురు వేర్వేరు మనుషులుంటారు. ఒకాయనకి ఏం చెప్పాలో తెలుసు, ఎదుటివాళ్ళు అన్నది చాలావరకు అర్థమవుతుంది, కావాల్సిన పదం మాత్రం నోటికి రాదు, "అదీ... అదీ..." అంటూ చెయ్యి ఊపుతాడు. ఇంకొకావిడ గడగడా మాట్లాడేస్తుంది, వినడానికి లయ కూడా మామూలుగానే ఉంటుంది, తీరా చూస్తే సగం పదాలకి అర్థం ఉండదు, పైగా ఆ సంగతి ఆవిడకే తెలీదు. మూడో మనిషికి పదాలూ సరిగ్గానే వస్తాయి, వాక్యమూ సరిగ్గానే ఉంటుంది, నాలుకకీ పెదాలకీ బలం తగ్గి మాట ముద్దముద్దగా వస్తుంది. నాలుగో మనిషికి భాషా బాగుంది, నాలుకా బాగుంది, గొంతే పెగలడం లేదు, గుసగుస తప్ప ఏమీ రాదు. మొదటి ఇద్దరివీ అఫేజియాలో రెండు రకాలు, మూడోది డిసార్త్రియా, నాలుగోది వాయిస్ సమస్య. నలుగురికీ ఇంట్లోవాళ్ళు చెప్పేది మాత్రం ఒకటే మాట.

ఈ నలుగురినీ విడదీయడం నేర్చుకోవడమే ఈ డిగ్రీ. మొదటి ఏడాదిలో ఇది ఎవరూ చెప్పరు. చెప్పినా అనాటమీ పుస్తకం లావు చూసిన కంగారులో మనకి వినపడదు. నేనూ అలాగే అబద్ధపు ధైర్యంతో పేర్లు బట్టీపట్టాను, పరీక్షలు గట్టెక్కాను, మొదటిసారి ఒక మనిషి ఎదురుగా కూర్చోగానే ఆ పేర్లలో ఒక్కటీ పనికిరాలేదు. కాబట్టి ఇప్పుడు చేరినవాళ్ళకీ, చేరదామా అని చూస్తున్నవాళ్ళకీ, ఏ సబ్జెక్టుని ఎలా పట్టుకుంటే బాగుంటుందో నాకు తెలిసినంత చెప్తాను.

అన్నిటికన్నా ముందు ఒక గొలుసు గీసుకుని గోడకి అంటించుకోండి. ఆలోచన, దానికి పదాలూ వాక్యమూ, ఆ వాక్యాన్ని పలకడానికి కండరాలకి వెళ్ళే ప్లాను, కండరాల కదలిక, గాలిలో శబ్దం, ఎదుటి మనిషి చెవి, అక్కడినుంచి మెదడు, మళ్ళీ అర్థం. ఇంతే. క్లాసులో ఏ కొత్త పేరు విన్నా, అది ఈ గొలుసులో ఎక్కడ తెగినట్టు అని అడగండి. ప్లాను దగ్గర తెగితే అప్రాక్సియా, కండరం దగ్గర తెగితే డిసార్త్రియా, పదాల దగ్గర తెగితే అఫేజియా, చెవి దగ్గర తెగితే వినికిడి లోపం. రెండు చోట్ల తెగిన మనుషులు కూడా బోలెడుమంది ఉంటారు. పుస్తకంలో చాప్టర్లు విడివిడిగా ఉన్నాయని మనుషులు కూడా విడివిడిగా వస్తారనుకోకండి.

ఫొనెటిక్స్: మీకు సగం వచ్చేసింది, ఆ సంగతి మీకు తెలీదు

మొదటి సెమిస్టర్‌లో అందరూ భయపడేది ఐపీఏ గుర్తులకి, అంటే ధ్వనులు రాసుకునే అంతర్జాతీయ గుర్తులకి. అంతర్జాతీయ ఫొనెటిక్ సంఘం 1886లో పారిస్‌లో మొదలైంది, ప్రపంచంలో ఏ భాష ధ్వనినైనా ఒకే తీరుగా రాసుకోడానికి వాళ్ళు తయారుచేసిందే ఈ పట్టిక. అందులో హల్లులు అడ్డంగా పలికే చోటుని బట్టి, నిలువుగా పలికే తీరుని బట్టి ఉంటాయి. ఇప్పుడు మన వర్ణమాల గుర్తుచేసుకోండి. క వర్గం నాలుక వెనకభాగంతో, చ వర్గం అంగిలి దగ్గర, ట వర్గం నాలుక కొన వెనక్కి మడిచి, త వర్గం పళ్ళ దగ్గర, ప వర్గం పెదాలతో. గొంతు లోపలినుంచి బయటికి వరసగా నడుచుకుంటూ వచ్చాం! ఒక్కో వరసలో మొదటి రెండూ స్వరతంత్రులు కదలకుండా, తర్వాతి రెండూ కదుపుతూ, చివరిది ముక్కులోంచి. ఐదేళ్ళ వయసులో పలక మీద దిద్దింది ఫొనెటిక్ పట్టికే, ఎవరూ ఆ పేరుతో చెప్పలేదు అంతే.

కాబట్టి పట్టిక బట్టీపట్టడం మానేసి ఒంటితో నేర్చుకోండి. గొంతు మీద వేళ్ళు పెట్టి "స్‌స్‌స్" అని, వెంటనే "మ్‌మ్‌మ్" అనండి, అదురు తేడా తెలుస్తుంది. ముక్కు మూసుకుని "మ్‌మ్‌మ్" అనండి, ఒక్క క్షణంలో ఆగిపోతుంది. ముక్కు మూసుకునే "ఆ" అనండి, ఏమీ మారదు. ఇది ఆట కాదు, రేపు క్లినిక్‌లో చేసే పరీక్ష ఇదే. "ముక్కుతో మాట్లాడుతున్నాడు" అని వచ్చేవాళ్ళలో రెండు రకాలుంటారు. ముక్కులోకి పోకూడని గాలి పోయేవాళ్ళు ఒకరు, ఉదాహరణకి అంగిలి చీలికతో పుట్టిన పిల్లలు. పోవాల్సిన గాలి పోనివాళ్ళు ఇంకొకరు, అంటే జలుబు చేసి "మామ" అనబోతే "బాబ" అని వచ్చేవాళ్ళు. ముక్కు ధ్వనులే లేని "పాప తట్ట పట్టు" లాంటి వాక్యం చెప్పించి, మధ్యలో ముక్కు మూసి చూడండి. శబ్దం మారితే గాలి ముక్కులోకి పోతున్నట్టే. వైద్యం పూర్తిగా వేరు, ఇంట్లోవాళ్ళు చెప్పే మాట మాత్రం మళ్ళీ ఒకటే.

ట్రాన్‌స్క్రిప్షన్‌లో, అంటే విన్న ధ్వనుల్ని ఆ గుర్తులతో రాయడంలో, అందరూ పడే గొయ్యి ఒకటుంది, విన్నది కాకుండా స్పెల్లింగు రాసేయడం. తెలుగులో రాసినట్టే పలుకుతాం అని మనకో గర్వం ఉంది కదా, అది సగమే నిజం. అంకె, పంచె, గంట, దంతం, పంపు అని వరసగా అని చూడండి. అన్నిటికీ ఒకటే సున్న, కానీ నాలుక ఐదు చోట్లకి వెళ్తుంది. జ్ఞానం అని రాసి "గ్నానం" అనో "గ్యానం" అనో అంటాం, బ్రహ్మ అని రాసి "బ్రమ్హ" అంటాం. రోజూ పది నిమిషాలు చాలు, ఏదైనా మాటల రికార్డింగు తీసుకుని ఒక్క వాక్యం మూడుసార్లు విని రాయండి. ఆదివారం కూర్చుని మూడు గంటలు చేయడం కన్నా ఇది వంద రెట్లు నయం, ఎందుకంటే చెవి కూడా కండరంలాగే రోజూ చేసే పనికే అలవాటు పడుతుంది.

ఈ చెవి ఎందుకు కావాలంటే, ఒక నాలుగేళ్ళ పిల్లాడు కాకిని "తాతి" అంటాడు, గాజుని "దాజు" అంటాడు. పేర్లు బట్టీపట్టిన స్టూడెంటు "క రాదు, గ రాదు" అని రెండు తప్పులు రాస్తాడు. విన్న స్టూడెంటు, నాలుక వెనక పలకాల్సినవన్నీ ముందుకి తెచ్చి పళ్ళ దగ్గర పలుకుతున్నాడు అని ఒక్కటే రాస్తాడు. స్వరతంత్రుల తేడా వాడు సరిగ్గానే ఉంచాడు చూడండి, క కి త, గ కి ద. అంటే వాడి తప్పుకి ఒక పద్ధతి ఉంది. పద్ధతి కనిపిస్తే ధ్వనుల వెంట ఒక్కొక్కటిగా పడక్కర్లేదు, ఆ పద్ధతినే పట్టుకుని పని మొదలుపెట్టొచ్చు.

మాట శబ్దాన్ని విడదీసి చూడ్డానికి ప్రాట్ అనే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైంది. చూడ్డానికి పాతకాలం కంప్యూటర్ స్క్రీన్‌లా ఉంటుంది, దానికి భయపడకండి. మీ గొంతుతోనే ఆ, ఈ, ఊ రికార్డు చేసి స్పెక్ట్రోగ్రామ్, అంటే ఆ శబ్దం బొమ్మ, తెరవండి. నల్లటి అడ్డపట్టీలు కనిపిస్తాయి, వాటినే ఫార్మెంట్లు అంటారు. "ఈ" అన్నప్పుడు కింది రెండు పట్టీలూ దూరదూరంగా, "ఆ" అన్నప్పుడు దగ్గరదగ్గరగా ఉంటాయి. నాలుక ఎక్కడుందో శబ్దంలో రాసి ఉంటుంది అన్నది కళ్ళతో చూసినరోజు అకౌస్టిక్స్ భయం సగం పోతుంది.

అనాటమీ

పేర్ల జాబితా చదవకండి. ప్రతి నరానికీ "ఇది పోతే ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది" అని ఒక్క ప్రశ్న వేసుకోండి. కపాల నరాలు 12 జతలు, మన పనికి ముఖ్యంగా కావాల్సినవి 5, 7, 8, 9, 10, 11, 12. ఏడోది ముఖానిది. అది మెదడు నుంచి బయటికొచ్చాక దెబ్బతింటే నుదురుతో సహా సగం ముఖం కదలదు. అదే దెబ్బ పైన మెదడులోనే తగిలితే నుదురు చాలావరకు కదులుతుంది, కింది సగమే వాలుతుంది, ఎందుకంటే నుదుటికి మెదడు రెండు వైపులనుంచీ ఆదేశాలు వస్తాయి. "కనుబొమ్మలు పైకెత్తండి" అని ఎందుకు అడుగుతారో ఇప్పుడు మీరు మర్చిపోలేరు. పన్నెండోది నాలుకది. ఆ నరమే దెబ్బతింటే, బయటికి చాపిన నాలుక బలహీనమైన వైపుకే ఒరుగుతుంది. అంగిలి దగ్గరికొస్తే తిరకాసు, "ఆ" అనమంటే కొండనాలుక బలమున్న వైపుకి లాగుతుంది. పరీక్షలో ఈ రెండూ తారుమారు చేయని స్టూడెంటుని నేనింకా చూడలేదు. నాలుకని తోసే కండరం, అంగిలిని లాగే కండరం అని గుర్తుపెట్టుకుంటే పని జరుగుతుంది. బలమున్న వైపు తోస్తే నాలుక అవతలికి పోతుంది, బలమున్న వైపు లాగితే అంగిలి ఇవతలికి వస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన కథ పదో నరానిది. దాని కొమ్మ ఒకటి స్వరపేటికకి వెళ్ళాలి, నేరుగా వెళ్ళొచ్చు కదా, వెళ్ళదు. ఎడమవైపు కొమ్మ ఛాతీలోకి దిగి బృహద్ధమని కిందనుంచి చుట్టు తిరిగి మళ్ళీ పైకొస్తుంది. కుడివైపుది అంత కిందికి దిగకుండా అక్కడున్న ఇంకో ధమని చుట్టూ తిరుగుతుంది. అందుకే ఛాతీలో ఏదైనా గడ్డ నొక్కినా గొంతు బొంగురుపోవచ్చు, థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు మారొచ్చు. వారాల తరబడి బొంగురు తగ్గని మనిషికి ఈఎన్‌టీ డాక్టరు స్వరపేటిక చూడకముందే వాయిస్ థెరపీ మొదలుపెట్టకూడదు అనే నియమం ఎక్కడినుంచి వచ్చిందో కూడా ఇందులోంచే అర్థమవుతుంది.

చదివే పద్ధతి ఒకటే చెప్తాను. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద బొమ్మ గీయండి, తర్వాత తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దండి. బొమ్మ అసహ్యంగా ఉన్నా పర్లేదు. రంగురంగుల హైలైటర్లతో గీతలు కొట్టడం వల్ల పుస్తకం అందంగా అవుతుంది, అంతకుమించి ఏమీ అవదు.

డెసిబెల్‌తో గొడవ

"నాకు లెక్కలంటే పడదు, అందుకే ఈ కోర్సు తీసుకున్నాను" అనేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, రెండో సెమిస్టర్‌లో డెసిబెల్ ఎదురవుతుంది. అసలు విషయం చిన్నదే. చెవి వినగలిగే అతి చిన్న ఒత్తిడికీ భరించలేని పెద్ద ఒత్తిడికీ మధ్య తేడా లక్షల రెట్లు. అన్ని సున్నాలు రాయలేక లాగరిథమ్ వాడారు. శబ్దపు ఒత్తిడి రెండింతలైతే 6 డెసిబెల్స్ పెరుగుతుంది, పదింతలైతే 20. ఒక్కోటీ 60 డెసిబెల్స్ ఉన్న రెండు ఫ్యాన్లు పక్కపక్కన తిరిగితే 120 కాదు, 63. ఈ మూడు లెక్కలూ చేత్తో ఓసారి వేసి చూసుకుంటే మిగతావి వాటంతట అవే దారికొస్తాయి. ఇంకొకటి, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫు) మీద 0 అంటే శబ్దం లేదని కాదు, ఆరోగ్యమైన చెవులున్న యువకులు సగటున వినగలిగే అతి చిన్న శబ్దం అని. అందుకే కొందరికి మైనస్ కూడా వస్తుంది.

ఆడియోగ్రామ్ చదవడం మొదటి ఏడాదిలోనే అలవాటు చేసుకోండి, మీరు ఆడియాలజీ, అంటే వినికిడి వైపు వెళ్ళకపోయినా సరే. అడ్డంగా ఫ్రీక్వెన్సీ, మామూలుగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా. నిలువుగా డెసిబెల్, కిందికి పోయేకొద్దీ వినికిడి తగ్గినట్టు. కుడి చెవికి ఎర్ర సున్న, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తు. ఇయర్‌ఫోన్‌లో పెడితే సరిగ్గా వినపడక, చెవి వెనక ఎముక మీద పెడితే బాగా వినపడితే అడ్డు బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉంది. రెండు దారుల్లోనూ ఒకేలా తగ్గితే సమస్య లోపలి చెవిదో నరానిదో. ఇంత తెలిస్తే చాలు, పెద్దవాళ్ళు తరచూ అనే "వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు" అనే మాట మీకు గ్రాఫులో కనిపిస్తుంది. వయసుతో ముందు పోయేది పై ఫ్రీక్వెన్సీలు. అచ్చుల బలమంతా కింద ఉంటుంది, స, శ లాంటి వాటి బలం పైన ఉంటుంది. అందుకే మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలీదు. అలాంటి మనిషి ముందు గట్టిగా అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, పోయిన హల్లులు రావు. ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా, కాస్త నెమ్మదిగా మాట్లాడాలి.

పసిపిల్లల వినికిడి గురించి ఒక లెక్క అందరూ నోటికి చెప్పగలగాలి: 1, 3, 6. పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు. భాష వినడంతోనే మొదలవుతుంది, నోరు తెరవడంతో కాదు.

పిల్లల భాష, తెలుగుతో వచ్చే చిక్కు

మైలురాళ్ళు బట్టీపట్టక తప్పదు, ఇక్కడ దొడ్డిదారి లేదు. ఏడాది అటూఇటూగా మొదటి పదం, రెండేళ్ళలోపు రెండు పదాలు కలపడం, ఇలా. కానీ మీరు చదివే పుస్తకాలు దాదాపు అన్నీ ఇంగ్లిష్ పిల్లల మీద రాసినవి. రోజర్ బ్రౌన్ 1973లో ముగ్గురు పిల్లల మాటల రికార్డుల మీద రాసిన పుస్తకంతో, పిల్లలు ఒక్కో విడతలో అన్న మాటలో సగటున ఎన్ని అర్థవంతమైన ముక్కలున్నాయో లెక్కపెట్టి ఎదుగుదల కొలిచే పద్ధతి స్థిరపడింది. ఆ పద్ధతితో తెలుగుని కొలవబోతే "వెళ్ళలేకపోతున్నాను" అనే ఒక్క పదం దగ్గరే ఆగిపోతాం. పదాలు లెక్కపెడితే ఒకటి, ముక్కలు లెక్కపెడితే నాలుగో ఐదో, ఎక్కడ విరవాలి అన్నదాని మీద ఇద్దరు లెక్చరర్లు క్లాసులోనే వాదించుకోగలరు. కాబట్టి ఇంగ్లిష్ పట్టికలోని అంకె తెచ్చి తెలుగు పిల్లాడికి అంటించకండి.

జీన్ బెర్కో 1958లో చేసిన ప్రయోగం మాత్రం ఏ భాషలోనైనా సరదాగా చేయొచ్చు. పిల్లలకి లేని వస్తువు బొమ్మ చూపించి లేని పేరు చెప్పి, రెండోది చూపించి, ఇప్పుడేమంటావ్ అని అడిగింది. మీరు "ఇదొక లిపుకం. ఇప్పుడు రెండున్నాయి. రెండు...?" అని ఆపండి. "లిపుకాలు" అన్న పిల్ల ఆ మాట ఎన్నడూ విని ఉండదు, అంటే బట్టీపట్టింది కాదు, నియమం వాడుతోంది. పిల్లలతో ఏది చేసినా, రికార్డు చేసినా, ముందు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

రెండు భాషలు మాట్లాడే ఇళ్ళలో పిల్లలకి మాటలు ఆలస్యమైతే, ఒక భాష మానేయమనే సలహా వింటూ ఉంటారు. ఆ సలహా మీరు ఇవ్వకండి. రెండు భాషల వల్ల భాషా లోపం రాదు. లోపం ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది, ఒకదాంట్లోనే తడబడుతుంటే ఆ భాష తక్కువ వినడం వల్ల కావచ్చు. అందుకే రెండిట్లోనూ చూడాలి.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఏ కారణమూ కనిపించకుండానే భాష కష్టమయ్యే పిల్లలు దాదాపు 7 శాతం, అంటే ఒక్కో తరగతిలో ఇద్దరు. దీనికి చాలాకాలం స్పెసిఫిక్ లాంగ్వేజ్ ఇంపెయిర్‌మెంట్ అనే పేరు ఉండేది, 2017లో వచ్చిన నిపుణుల ఏకాభిప్రాయంతో డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అనే పేరు స్థిరపడింది. పాత వ్యాసాల్లో పాత పేరే ఉంటుంది. లైబ్రరీలో వెతికేటప్పుడు రెండిటితోనూ వెతకండి, లేకపోతే సగం కనపడవు.

నత్తి, అఫేజియా, వాటి పాత కథలు

నత్తి అనే మాటని మనం చాలా వదులుగా వాడతాం. ర పలకలేనివాడినీ నత్తి అంటాం, "ప్ ప్ ప్పాలు" అనేవాడినీ నత్తి అంటాం. కోర్సులో ఇవి రెండు వేర్వేరు సెమిస్టర్లు. రెండోదాంట్లో మూడు సంగతులు చూడాలి: మళ్ళీమళ్ళీ అనడం, సాగదీయడం, శబ్దమే బయటికి రాకుండా బిగుసుకుపోవడం. 300 అక్షరాలు మాట్లాడితే 12 చోట్ల తడబడితే 4 శాతం, ఇలా లెక్క రాస్తారు. కానీ అంకె తక్కువున్నవాడు ఎక్కువ బాధలో ఉండొచ్చు. తన పేరులో మొదటి అక్షరం రాదని వేరే పేరు చెప్పేవాడికి శాతం సున్నా వస్తుంది. చిన్నప్పుడు ఎప్పుడో ఒకప్పుడు దాదాపు 5 శాతం పిల్లలకి నత్తి వస్తుంది, చాలామందికి పోతుంది, పెద్దయ్యాక ఉండేది సుమారు 1 శాతం.

పరిశోధన నీతి అనే పేపరు చప్పగా ఉంటుందని దాటేయకండి, మన సబ్జెక్టులోనే ఒక చేదు కథ ఉంది. 1939లో అయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ పర్యవేక్షణలో మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని 22 మంది అనాథ పిల్లల మీద ప్రయోగం చేసింది. అందులో నత్తి లేని కొందరికి, నీకు నత్తి వస్తోంది, జాగ్రత్త, అని చెప్తూ వచ్చారు. పిల్లలు బెదిరిపోయారు, మాట్లాడ్డం తగ్గించారు. పెద్దవాళ్ళు ఎత్తిచూపడం వల్లే నత్తి మొదలవుతుందని జాన్సన్ నమ్మకం. ఆ నమ్మకం నిలబడలేదు, జన్యువులకీ మెదడు పనితీరుకీ సంబంధం ఉందని ఇప్పుడు తెలుసు. విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది 2001లో. ఆ ప్రయోగం చేసింది మీలాంటి స్టూడెంటే అన్నది నాకు ఎప్పుడూ గుర్తుంటుంది.

అఫేజియాకి పునాది కథ 1861ది. పాల్ బ్రోకా దగ్గరికి వచ్చిన లెబోర్న్ అనే రోగి ఏం అడిగినా "టాన్" అనే ఒక్క ముక్కే అనేవాడు, అర్థం మాత్రం చేసుకునేవాడు. చనిపోయాక మెదడు చూస్తే ఎడమవైపు ముందుభాగంలో దెబ్బ. 1874లో కార్ల్ వెర్నికే దీనికి ఎదురు రకం, అంటే ధారాళంగా మాట్లాడి అర్థం చేసుకోలేనివాళ్ళ గురించి రాశాడు. మొదటి పేరాలో చెప్పిన ఇద్దరూ వీళ్ళే. దాంతో పుస్తకాల్లో రెండు చుక్కల బొమ్మ స్థిరపడిపోయింది. ఆ భద్రపరిచిన మెదడునే ఎంఆర్ఐ తీసి 2007లో ప్రచురించారు. దెబ్బ బ్రోకా చూసిన పైపొరలోనే కాదు, బాగా లోపలిదాకా ఉంది. రెండు చుక్కల బొమ్మ పరీక్షకి గీయండి, కానీ దాన్ని పూర్తిగా నమ్మకండి.

మింగడం గురించి ఒక్క మాట. ఈ కోర్సులో మింగుడు సమస్యలెందుకు అని చాలామంది ఆశ్చర్యపోతారు. మాట్లాడే కండరాలూ నరాలే చాలావరకు మింగడానికీ పనికొస్తాయి కాబట్టి. నీళ్ళు ఊపిరితిత్తుల దారిలోకి పోయినా దగ్గు రాని మనుషులుంటారని నేర్చుకున్నరోజు, ఈ పనిలో ప్రాణాలు కూడా ఉన్నాయని అర్థమవుతుంది.

అబ్జర్వేషన్: అసలు చదువు ఇక్కడే

నా మొదటి అబ్జర్వేషన్ రోజు ఒక పెద్దాయన వచ్చారు. పక్షవాతం వచ్చి రెండు నెలలు. ఏం అడిగినా పొంతన లేని జవాబు చెప్తున్నారు. నేను నోట్‌బుక్‌లో గర్వంగా "వెర్నికే అఫేజియా" అని రాసి కింద గీత కూడా కొట్టాను. పది నిమిషాల తర్వాత మేడమ్ ఆయన చెవి మెషీన్ తీసి చూసి, బ్యాటరీ మార్చారు. ఆయన జవాబులు సరిగ్గా రావడం మొదలైంది. పదాలు వెతుక్కోవడం ఉంది, అది వేరే సంగతి, కానీ నేను రాసింది మాత్రం పూర్తిగా తప్పు. గొలుసులో చెవి సంగతి చూడకుండా నేరుగా మెదడుకి వెళ్ళిపోయాను.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి. పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు చూసిందీ విన్నదీ మాత్రమే, కుడివైపు మీ అనుమానం. మొదటి అరగంట కుడివైపు ఖాళీగా ఉంచండి. ఎడమవైపు "పాప సహకరించలేదు" అని రాయకూడదు, అది తీర్పు. "ఐదు బొమ్మల్లో రెండిటికి పేరు చెప్పింది, మూడోదానికి తల తిప్పేసుకుంది, బొమ్మ మార్చగానే మళ్ళీ చూసింది" అని రాయండి. ఆరు నెలల తర్వాత ఇంకొకరు చదివినా ఆ పాప కళ్ళ ముందు కనిపించాలి. రోగుల పేర్లు నోట్‌బుక్‌లో వద్దు, ఫొటోలు అసలే వద్దు, "భలే కేసు చూశా" అని వాట్సాప్ గ్రూపులో పెట్టడం అంతకన్నా వద్దు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన ఐసీఎఫ్ వర్గీకరణ ఇక్కడ పనికొస్తుంది. శరీరంలో ఏం తగ్గింది అని మాత్రమే కాక, ఆ మనిషి ఏం చేయలేకపోతున్నాడు, దేనికి దూరమయ్యాడు, చుట్టూ ఏం అడ్డుపడుతోంది అని కూడా అడుగుతుంది. ఒకే రకం అఫేజియా ఉన్న లెక్చరరుకీ తోటమాలికీ నష్టం ఒకటి కాదు కదా.

మిగతావి గబగబా. స్టాటిస్టిక్స్‌ని తప్పించుకోకండి, సెన్సిటివిటీ (సమస్య ఉన్నవాళ్ళని పరీక్ష ఎంతమందిని పట్టుకుంటుంది), స్పెసిఫిసిటీ (లేనివాళ్ళని ఎంతమందిని సరిగ్గా వదిలేస్తుంది) అర్థం కాకపోతే ఏ పరీక్ష మంచిదో మీకు ఎప్పటికీ తెలీదు. స్పీచా, ఆడియాలజీయా అన్నది రెండో ఏడాది దాకా తేల్చుకోకండి, రెండిట్లోనూ కొన్ని గంటలు కూర్చున్నాక మీకే తెలుస్తుంది. కొన్ని దేశాల్లో బ్యాచిలర్ డిగ్రీతోనే ప్రాక్టీసు చేయొచ్చు, అమెరికా లాంటి చోట్ల స్పీచ్ థెరపిస్టు అవ్వాలంటే మాస్టర్స్ తప్పదు. ఎక్కడ పని చేయాలనుకుంటున్నారో అక్కడి లైసెన్సు నియమాలు చేరకముందే చదవండి, మూడో ఏడాదిలో తెలుసుకుని ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు. పరీక్షకి ముందు ఇద్దరు కూర్చుని, ఒకరు రోగిలా నటిస్తే ఇంకొకరు ప్రశ్నలు అడగండి. నటించడానికే ఎక్కువ తెలియాలి.

ఇంకా క్లాసులు మొదలవకపోతే ఒక పని ఈరోజే చేయండి. ఫోన్‌లో మీ మాటలే రెండు నిమిషాలు రికార్డు చేసుకోండి, ముందే రాసుకుని చదివింది కాకుండా, నిన్న ఏం జరిగిందో చెప్తూ. విన్నది విన్నట్టు కాగితం మీద రాసి, తారీఖు వేసి దాచండి. సెమిస్టర్ చివర కాగితం చూడకుండా అదే రికార్డింగు మళ్ళీ విని రాయండి. నా మొదటి కాగితంలో పన్నెండు నీటైన వాక్యాలున్నాయి. మూడో ఏడాది కాగితంలో అవే రెండు నిమిషాల్లో ఎనిమిది "అంటే"లు, సగంలో వదిలేసిన వాక్యాలు నాలుగు, "జ్ఞాపకం" దగ్గర ఒక "గ్యా", దానికి ముందు పీల్చుకున్న చిన్న ఊపిరి ఉన్నాయి.